రోజూ నడిపే స్పోర్ట్స్ కారుకు కొత్త టైర్లు ఎలా ఎంచుకోవాలి?

"టైర్లు అరిగిపోయాయి, ఏవి వేయించమంటారు?" స్పోర్ట్స్ కారున్న వాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. నేను తిరిగి అడిగేది కూడా ఎప్పుడూ ఒకటే: "బండి రోజూ ఎక్కడ తిరుగుతుంది?" దానికి చాలామంది జవాబు చెప్పరు. "అదంతా ఎందుకండీ, మంచి బ్రాండు పేరు చెప్పండి చాలు" అంటారు. కానీ రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చే బండికీ, నెలకోసారి రేస్ ట్రాక్ ఎక్కే బండికీ ఒకే టైరు సరిపోదు, రెండూ ఒకే మోడల్ కార్లయినా సరే.

నా లెక్క ఇది: రోజూ నడిపే బండికి తడి రోడ్డు మీద పట్టు ముందు. పొడి రోడ్డు మీద పట్టు, స్టీరింగ్ చురుకుదనం, మన్నిక, చప్పుడు, అన్నీ ఆ తర్వాతే. అనుభవం మీద చెబుతున్నాను. ఒకప్పుడు ట్రాక్ కోసం తయారైన మెత్తటి టైర్లు వేయించుకుని వాటితోనే రోజూ తిరిగాను. మొదట్లో చాలా సంతోషంగా ఉంది. గాడులు 3 మిల్లీమీటర్ల లోతుకు వచ్చాక ఒక వాన పొద్దున, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో, నీళ్లు నిలిచిన మలుపులో స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది. నేను తిప్పుతున్నాను, బండి మాత్రం నేరుగా పోతోంది. రెండు క్షణాల తర్వాత టైర్లు మళ్లీ రోడ్డును పట్టుకున్నాయి. పక్క లేన్‌లో ఎవరూ లేరు కాబట్టి ఏమీ కాలేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముందు వాన సంగతే చెబుతాను.

కావలసినవి

- కారు ఓనర్స్ మాన్యువల్, లేదా డ్రైవరు డోరు తెరిస్తే కనిపించే స్టిక్కర్ (టైరు సైజు, గాలి ఎంత ఉండాలో దాని మీద ఉంటుంది)
- టైరు గాడి లోతు కొలిచే గేజ్
- గాలి కొలిచే గేజ్
- టార్చ్, ఫోన్ కెమెరా
- కాగితం, పెన్ను
- పగటి వెలుతురులో ఓ గంట తీరిక

1. ముందు పాత టైర్లను చదవండి

చాలామంది వదిలేసే పని ఇదే, నేను ఎక్కువసేపు చేసే పనీ ఇదే. పాత టైరు ఎందుకు అరిగిందో తెలియకుండా కొత్తది వేయిస్తే, అదీ అలాగే అరుగుతుంది.

ఒక్కో టైరుకు లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున గాడి లోతు కొలవండి. ఒకే చోట కొలిస్తే చాలదు, టైరు చుట్టూ మూడు చోట్ల కొలవండి. అంకెలన్నీ రాసుకోండి. ముందు చక్రాలను కొలవడానికి స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు తిప్పి పెడితే లోపలి అంచు కనిపిస్తుంది. వెనక చక్రాలు తిరగవు కాబట్టి అక్కడ టార్చ్ వేసి, ఫోన్‌ను బండి కిందకు పెట్టి ఫొటో తీయాలి.

ఆ వెనక లోపలి అంచు విషయంలో మాత్రం బద్ధకించకండి. స్పోర్ట్స్ కార్లకు వెనక చక్రాల పైభాగం లోపలికి కాస్త వాలి ఉంటుంది, దాన్నే క్యాంబర్ అంటారు. దానికి అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) తేడా తోడైతే బయటి నుంచి చూసినప్పుడు టైరు బాగానే ఉంటుంది, లోపలి అంచున మాత్రం రబ్బరు పోయి తీగలు బయటపడుతుంటాయి. సస్పెన్షన్ కిందకు దింపించిన బండ్లలో ఇది మరీ ఎక్కువ.

ఇక అంకెలు చెప్పేది ఇది:

- మధ్యలో ఎక్కువ అరిగితే గాలి ఎక్కువ పెట్టి నడిపారు.
- రెండు అంచులూ అరిగి మధ్య భాగం మిగిలితే గాలి తక్కువైంది.
- ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తేడా ఉంది.
- టైరు చుట్టూ అక్కడక్కడా గుంటలు పడినట్టు అరిగితే షాక్ అబ్జార్బర్లు గానీ, బ్యాలెన్సింగ్ గానీ చూపించాలి.

ఇంకో పరీక్ష చేతితోనే చేయవచ్చు. అరచేతిని టైరు మీద అడ్డంగా, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి నెమ్మదిగా నిమరండి. ఒక వైపు నున్నగా జారి, మరో వైపు రంపం పళ్లలా చేతికి తగిలితే చక్రాలు ఒకదానికొకటి సమాంతరంగా లేవని అర్థం. గేజ్ కన్నా ముందే చెయ్యి చెప్పేస్తుంది. (తీగలు బయటపడిన చోట మాత్రం చెయ్యి పెట్టకండి, కోసుకుపోతుంది.)

గాడుల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మెలు కనిపిస్తాయి. ట్రెడ్ (రోడ్డుకు తగిలే రబ్బరు పొర) వాటితో సమానమైందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలింది. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే ఆఖరి హద్దు అది. నేనైతే అంతదాకా ఆగను. కొత్త టైరులో గాడి 7 నుంచి 8 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. అది 3కు వచ్చేసరికే వానలో పట్టు బాగా తగ్గిపోతుంది. 3 కనిపించగానే కొత్తవి వెతకడం మొదలుపెట్టండి.

2. సైజును స్టిక్కర్ మీద చూసి రాసుకోండి

పాత టైరు మీద ఉన్నది చూసి కాదు. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే, ముందున్న ఓనరు సైజు మార్చి ఉండవచ్చు. రెండూ పోల్చి చూడండి.

టైరు పక్కన 245/40 జెడ్ఆర్18 97 వై అని ఉందనుకుందాం. 245 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 40 అంటే పక్క గోడ ఎత్తు, వెడల్పులో 40 శాతం. జెడ్ఆర్‌లో ఆర్ అంటే రేడియల్ రకం, జెడ్ అంటే ఎక్కువ వేగానికి తగిన టైరని గుర్తు. 18 అంటే రిమ్ము కొలత, అంగుళాల్లో. 97 అనేది బరువు సూచిక, అంటే ఒక్కో టైరు 730 కిలోల దాకా మోయగలదు (91కి 615, 94కి 670 కిలోలు). చివరి అక్షరం వేగం: హెచ్ అంటే గంటకు 210, వి అంటే 240, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300 కిలోమీటర్లు.

బరువు సూచిక కారు కంపెనీ చెప్పిన దానికన్నా ఎప్పుడూ తగ్గకూడదు. వేగం అక్షరమూ అంతే. "నేను 240లో ఎప్పుడు పోతాను?" అని కొందరు అడుగుతారు. ఆ అక్షరం వేడిని తట్టుకునే శక్తిని కూడా చెబుతుంది. పైగా కొన్ని దేశాల్లో తక్కువ రేటింగ్ టైరు వేస్తే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది.

ముందు, వెనక సైజులు వేరుగా ఉన్నాయేమో కూడా చూడండి. టొయోటా జిఆర్ సుప్రాకు 19 అంగుళాల రిమ్ములతో ముందు 255/35, వెనక 275/35 వస్తాయి. 992 తరం పోర్షె 911లో కొన్ని మోడళ్లకు రిమ్ములే వేరు, ముందు 20, వెనక 21 అంగుళాలు. ఇలాంటి బండ్లకు టైర్లను ముందు నుంచి వెనక్కి మార్చుకోవడం కుదరదు. రెండు సైజుల్లోనూ దొరికే మోడలే ఎంచుకోవాలి.

సైజు మార్చాలనుకుంటే మొత్తం వ్యాసం లెక్క కట్టండి. 225/45 ఆర్17కు: 225లో 45 శాతం 101.25, పైనా కిందా కలిపి 202.5, రిమ్ము 431.8, మొత్తం 634.3 మిల్లీమీటర్లు. 225/40 ఆర్18కు ఇదే లెక్క వేస్తే 637.2 వస్తుంది. తేడా అర శాతం లోపే కాబట్టి పర్వాలేదు. 3 శాతం దాటితే వద్దు, స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కూడా తికమక పడుతుంది. రోడ్లు గుంటలమయమైతే నేను ఎదురు దారిలో పొమ్మంటాను: 19 రిమ్ము తీసి 18 వేసి, పక్క గోడ ఎత్తు పెంచుకోండి. రిమ్ములు వంగడం, టైరు పక్కన ఉబ్బడం తగ్గుతాయి. చిన్న రిమ్ము బ్రేక్ క్యాలిపర్‌కు (డిస్కును పట్టి ఆపే భాగం) తగలకుండా పడుతుందో లేదో ముందే బిగించి చూడండి.

వెడల్పు పెంచడం గురించి ఒక్క మాట. వెడల్పాటి టైరు వానలో తొందరగా నీటి మీద తేలుతుంది, ఎందుకంటే అది ఎక్కువ వెడల్పున నీటిని పక్కకు తోయాలి. మాజ్డా ఎంఎక్స్-5 వంటి తేలికపాటి స్పోర్ట్స్ కారు 195/50 ఆర్16 టైర్లతోనే ఎంతో హాయిగా మలుపులు తిరుగుతుంది.

3. మీ వాడకం నాలుగు వాక్యాల్లో రాయండి

- మీ దగ్గర బాగా చలిగా ఉండే పొద్దున ఎన్ని డిగ్రీలు ఉంటుంది?
- ఏడాదిలో ఎన్ని నెలలు రోడ్లు తడిగా ఉంటాయి?
- ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు?
- ట్రాక్ మీదకు నిజంగా ఎన్నిసార్లు వెళ్లారు? వెళ్దామనుకున్నవి కాదు, గత ఏడాది వెళ్లినవి.

నాలుగోది నిజాయితీగా రాయండి. తప్పు టైర్లు కొనడం చాలావరకు ఇక్కడే మొదలవుతుంది.

4. రకాన్ని ఎంచుకోండి, బ్రాండును తర్వాత చూద్దాం

*టూరింగ్ టైర్లు.* మెత్తగా నడుస్తాయి, ఎక్కువ దూరం వస్తాయి. స్పోర్ట్స్ కారుకు పనికిరావని చాలామంది కొట్టిపారేస్తారు. 2012లో వచ్చిన టొయోటా జిటి86కు కంపెనీయే మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పి అనే టూరింగ్ టైర్లు ఇచ్చింది. పట్టు కాస్త తక్కువగా ఉంటే తక్కువ వేగంలోనే బండి కదలిక డ్రైవరుకు తెలుస్తుందని దాన్ని మెచ్చుకున్న వాళ్లు చాలామంది. తేలికపాటి, తక్కువ పవర్ ఉన్న కార్లకు ఇదీ ఒక దారే.

*ఆల్ సీజన్ స్పోర్ట్స్ టైర్లు.* కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్ కాంటాక్ట్ డిడబ్ల్యూఎస్06 ప్లస్, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 ఈ కోవలోవి. చలికాలంలో 7 డిగ్రీల కిందకు తరచుగా దిగే చోట, ఏడాదంతా ఒకే సెట్ వాడాలంటే ఇవే సరైనవి. మంచు కూడా పడుతుందంటే టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దానిలో మంచు పువ్వు గుర్తు ఉందో లేదో చూడండి. ఉత్త "ఎం ప్లస్ ఎస్" (మడ్ ప్లస్ స్నో, అంటే బురద, మంచు) అక్షరాలకు అంత విలువ లేదు.

*సమ్మర్ టైర్లు.* మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 ఎస్, కాంటినెంటల్ స్పోర్ట్ కాంటాక్ట్ 7, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1 అసిమెట్రిక్ 6, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా స్పోర్ట్ వంటివి. పేరులో ఎండాకాలం ఉన్నా వీటి అసలు బలం వానలో తెలుస్తుంది. గాడులు వెడల్పుగా ఉంటాయి, తడిలోనూ పట్టు ఇచ్చేలా రబ్బరు కలుపుతారు. చలి 7 డిగ్రీల కిందకు అరుదుగా దిగే చోట, రోజూ నడిపే స్పోర్ట్స్ కారుకు నేను మొదట చెప్పేది ఈ రకమే. జాగ్రత్త ఒకటుంది: గడ్డకట్టే చలిలో వీటి రబ్బరు గట్టిపడుతుంది. ఆ చలిలో నడిపితే పగుళ్లు రావచ్చు.

*ట్రాక్ వైపు మొగ్గే టైర్లు.* బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా అడ్వాన్ నియోవా ఏడీ09, ఇంకా పైన మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2. పొడి రోడ్డు మీద వీటి పట్టు అద్భుతం. కానీ గాడులు తక్కువ, తొందరగా అరుగుతాయి, చప్పుడు ఎక్కువ, వేడెక్కితే గానీ పూర్తిగా పని చేయవు. ఆఫీసుకు పోయే 20 నిమిషాల్లో అవి వేడెక్కవు. ట్రాక్ సరదా నిజంగా ఉంటే వేరే రిమ్ముల మీద రెండో సెట్ పెట్టుకోండి. ఆ దారి ఖరీదుగా కనిపిస్తుంది గానీ రెండు సెట్లూ ఎక్కువ కాలం వస్తాయి.

5. అంకెలతో పోల్చండి, అంకెలనే నమ్మేయకండి

టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. అది అమెరికా ప్రభుత్వ పద్ధతి. పైలట్ స్పోర్ట్ 4 ఎస్‌కు 300, డిడబ్ల్యూఎస్06 ప్లస్‌కు 560, ఆర్ఈ-71ఆర్ఎస్‌కు 200. అంకె పెరిగే కొద్దీ మన్నిక పెరుగుతుంది. అయితే ఆ అంకె వేసేది టైరు కంపెనీయే. ఒకే కంపెనీ టైర్లను పోల్చడానికి బాగా పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య 280కీ 320కీ తేడా పట్టించుకోనక్కర్లేదు.

యూరప్ లేబుల్ ఉంటే ఇంకా మంచిది. 2021 మే నుంచి అందులో తడి పట్టుకు ఏ నుంచి ఈ దాకా అక్షరాలు, చప్పుడుకు డెసిబెల్స్ ఇస్తున్నారు. రోజూ నడిపే బండికి తడి పట్టు "ఏ" ఉన్నవే చూడండి. చప్పుడు అంకెను మాత్రం బండి బయట కొలుస్తారు, లోపల కూర్చున్న మీకు వినిపించేది వేరుగా ఉండవచ్చు.

వీటి తర్వాత ఆటో పత్రికలు చేసే టైరు పరీక్షలు చదవండి. మీ సైజుకు దగ్గరగా ఉన్న సైజులో చేసినవే చూడండి, తడి రోడ్డు మీద బ్రేకింగ్ దూరం వరుసను మొదట చదవండి.

6. ప్రత్యేక గుర్తులు, రన్‌ఫ్లాట్‌లు

కొన్ని టైర్ల మీద కారు కంపెనీ గుర్తు ఉంటుంది: పోర్షెకు ఎన్0, ఎన్1 వంటివి, బీఎండబ్ల్యూకు నక్షత్రం, మెర్సిడెస్‌కు ఎంఓ. ఆ కారు కోసం టైరును ప్రత్యేకంగా సర్ది తయారు చేశారని అర్థం. వారంటీలో ఉన్న బండికి గుర్తున్నవే వేయించండి. తర్వాత మీ ఇష్టం, కానీ నాలుగూ ఒకే రకంగా ఉండాలి. గుర్తున్నవీ లేనివీ కలపకండి.

రన్‌ఫ్లాట్ టైరు గాలి పోయినా సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగంతో 80 కిలోమీటర్ల దూరం వెళ్లగలదు. దాని పక్క గోడ గట్టిది కాబట్టి గుంటల్లో బండి ఎగిరెగిరి పడుతుంది. మామూలు టైర్లకు మారితే ప్రయాణం మెత్తబడుతుంది. మారేముందు డిక్కీలో స్పేర్ టైరు ఉందో లేదో చూడండి. లేకపోతే గాలి పంపు, పంక్చర్ కిట్ కొనుక్కోండి. కొన్ని మామూలు, కొన్ని రన్‌ఫ్లాట్ అని మాత్రం కలపవద్దు.

7. రెండా, నాలుగా?

నాలుగూ ఒకేసారి మారిస్తే మంచిది. రెండే మార్చగలిగితే కొత్తవి వెనక వేయించండి, బండి ముందు చక్రాలతో నడిచేదైనా సరే. వానలో ముందు టైర్లు జారితే బండి నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు దారిలోకి వస్తుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని ఆపడం అందరి వల్లా కాదు. సైజులు వేరైన బండికి ఈ వెసులుబాటు లేదు, అరిగిన జతనే మార్చాలి. ముందువి మార్చి, వెనకవి 3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే అవీ మార్చేయండి.

ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందే (ఆల్ వీల్ డ్రైవ్) బండి అయితే మాన్యువల్ చూడకుండా ఒక్క టైరు కూడా మార్చకండి. సుబారు అయితే టైర్ల చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం, అంటే దాదాపు 6 మిల్లీమీటర్లు మించకూడదంటుంది. ఆ తేడా ఎక్కువైతే దెబ్బ పడేది టైరుకు కాదు, చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌కు.

8. బిగించే రోజు పక్కనే నిలబడండి

రిమ్ము మీదకు ఎక్కించకముందే తేదీ చూడండి. డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. నేను ఏడాది లోపువే తీసుకుంటాను, నాలుగూ దగ్గర దగ్గర తేదీలవి అడుగుతాను. ఈ అంకెలు టైరుకు ఒక పక్కే ఉండవచ్చు, కనిపించకపోతే తిప్పి చూడండి.

తర్వాత దిశ. బాణం గుర్తున్న టైరు బాణం వైపే తిరగాలి. "అవుట్‌సైడ్" అని రాసిన టైరుకు ఆ రాత బయటికే కనిపించాలి. ఒకసారి నా బండికి ఒక టైరు లోపలిది బయటికి పెట్టి బిగించేశారు, నేను ఇంటికొచ్చి బండి కడుగుతుంటే గానీ చూసుకోలేదు. ఇప్పుడు నాలుగు వైపులా తిరిగి చదివాకే డబ్బు కడతాను.

చక్రాల బోల్టులు ఎయిర్ గన్‌తో బిగించి వదిలేయనివ్వకండి, చివర టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించాలో లెక్క పెట్టుకునే పానా) మాన్యువల్ చెప్పిన లెక్కకు బిగించమనండి. అలైన్‌మెంట్ అదే రోజు చేయించి, ముందూ తర్వాతా అంకెలున్న కాగితం అడిగి తీసుకోండి. కొత్త టైర్ల గాడి లోతులూ అప్పుడే కొలిచి రాసుకోండి.

తరచుగా జరిగే పొరపాట్లు

టైరు మీద రాసిన గరిష్ఠ గాలిని చూసి అంతా నింపేయడం అన్నిటికన్నా ఎక్కువగా చూస్తాను. గాలి ఎంత ఉండాలో చెప్పేది డోరు స్టిక్కర్. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నప్పుడు, టైరు చల్లగా ఉండగా కొలవండి. వాతావరణం 5, 6 డిగ్రీలు మారితే గాలి దాదాపు 1 పీఎస్ఐ మారుతుంది కాబట్టి, చలి మొదలవగానే మళ్లీ చూడాలి.

పంక్చర్ సంగతి: మేకు మధ్య భాగంలో దిగి, రంధ్రం 6 మిల్లీమీటర్ల లోపు ఉంటే లోపలి నుంచి అతికించవచ్చు. అంచునో, పక్క గోడలోనో దిగితే ఎవరు ఎంత ధైర్యం చెప్పినా అతికించి నడపకండి.

"గాడులు బాగానే ఉన్నాయి" అని పదేళ్ల టైర్లతో తిరిగేవాళ్లూ ఉన్నారు. ఆరేళ్లు దాటాక ఏటా పరీక్ష చేయించండి, పదేళ్లకు ఎలా ఉన్నా తీసేయండి.

సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవడం

మొదటి 300 కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, అది పోయేదాకా పట్టు పూర్తిగా రాదు. వాన పడితే మరీ జాగ్రత్త. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక బోల్టుల బిగువు మళ్లీ చూడండి.

వేగం 90, 100 దగ్గర స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించండి. బండి ఒక పక్కకు లాగుతుంటే ముందు చక్రాలను కుడి ఎడమలు మార్చి నడపండి (బాణం గుర్తున్న టైర్లకు ఇది వద్దు). లాగడం రెండో పక్కకు మారితే లోపం టైరులో ఉంది, మార్చి ఇమ్మనండి. అదే పక్కకు లాగితే అలైన్‌మెంట్ చూడాలి.

1500 కిలోమీటర్ల తర్వాత గేజ్ మళ్లీ తీయండి. మొదటి రోజు చేసినట్టే ఒక్కో టైరుకు మూడు చోట్ల లోపల, మధ్య, బయట కొలిచి, కొత్తగా ఉన్నప్పటి అంకెల పక్కన రాయండి. లోపలి అంచు మిగతా వాటికన్నా అర మిల్లీమీటరు ఎక్కువ అరిగి కనిపిస్తే, అలైన్‌మెంట్ కాగితంతో పాటు ఈ అంకెల కాగితాన్ని కూడా పట్టుకుని షాపుకు వెళ్లండి.